నాలుగు సూదులు

ఉదయం తొమ్మిదైనా అక్క కదల్లేదు. తలకి స్కార్ఫు చుట్టుకుని, కుట్టుమిషన్ ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతోంది. ఇవాళ హాస్పిటల్‌కి వెళ్ళాల్సిన రోజని గోడమీది క్యాలెండర్‌కి తెలుసు, గుమ్మంలో నిలబడ్డ తమ్ముడికీ తెలుసు. ఆవిడకే గుర్తులేనట్టుంది.

"ఏరా, కళ్ళజోళ్ళ షాపు తియ్యలేదా?"

"లేదు. నిన్న మీ నర్సమ్మ కళ్ళజోడు కోసం వచ్చింది. రెండు వారాలుగా నువ్వు మందెక్కించుకోడానికి రావట్లేదటగా?"

"ఆ పిల్లకి కడుపులో మాట దాగదు."

"పెళ్ళైనవాళ్ళే ఈ కాన్సర్ నుంచి ఎక్కువగా గట్టెక్కుతున్నారటక్కా. లెక్కలు కూడా ఉన్నాయంది."

"అయితే యాభై ఎనిమిదేళ్ళకి నాకు మొగుణ్ణి వెతుకుతావా? కాస్త పొడుగ్గా ఉండేలా చూడు."

నవ్వించి తప్పించుకోవడం అక్కకి వెన్నతో పెట్టిన విద్య. తమ్ముడు మాత్రం నవ్వలేదు.

"హాస్పిటల్ కాగితంలో భర్త పేరు దగ్గర గీత పెట్టావు, సరే. తోడొచ్చేవాళ్ళ పేరు దగ్గరా గీతేనా? నేను చచ్చానా?"

"అవేం మాటల్రా! నీకో సంసారం ఉంది. వారం వారం షాపు మూసుకుని నా వెంట తిరుగుతావా? ఒంటిదాన్ని. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు."

ఆ మాటకి అతనికి పాతరోజులు గుర్తొచ్చాయి. అమ్మ పోయేనాటికి తనకి ఏడేళ్ళు, అక్కకి పదిహేడు. వచ్చిన ప్రతి సంబంధానికీ "మా తమ్ముడి చదువయ్యాక" అనేది. రోజూ బడికి వెళ్ళేముందు తను అక్క కుట్టుపని కోసం డజను సూదులకి దారం ఎక్కించి సూదుల దిండుకి గుచ్చేవాడు. కడుపునొప్పని వంక పెడితే చెవి పట్టుకుని బడిదాకా లాక్కెళ్ళేది. కాగితంలో ఆ మొదటి గీత తన కోసం గీసుకున్నదే. ఇన్నేళ్ళకి గానీ తెలియలేదు, సిగ్గేసింది.

మిషన్ మీది సూదుల దిండు అందుకున్నాడు. నాలుగు సూదులకి దారం ఎక్కించి వరసగా గుచ్చాడు.

"నాలుగేనా?" అంది అక్క.

"ఇంకా నాలుగుసార్లే వెళ్ళాలి. వెళ్ళొచ్చిన రోజున ఒకటి తీసి కుట్టుకో. మొగుడున్నవాళ్ళు ఎందుకు బతుకుతారని అడిగితే నర్సమ్మ ఏమందో తెలుసా? వద్దన్నా వినకుండా లాక్కొచ్చేవాడు ఇంట్లో ఉంటాడు గనక అంది. ఆ పని నాకూ వచ్చు. నీ దగ్గరే నేర్చుకున్నా. లేస్తావా, చెవి పట్టుకోనా?"

అక్క చొక్కా పక్కన పెట్టింది. కళ్ళనిండా నీళ్ళతో స్కార్ఫు కొంచెం పైకి జరిపి, చెవి అతని వైపు తిప్పింది.

"మెల్లిగా లాగరా."