వావిలాకు కాపడం

పొద్దు ఇంకా పొడవలేదు. బీరమ్మ వావిలాకు తుంచుకుందామని చేను గట్టుకు వెళ్లింది. మూడేళ్లుగా ఆమెకు అదే మొదటి పని. ఆకు వేసి కాచిన నీళ్లలో గుడ్డ ముంచి, కొడుకు నడుముకు కాపడం పెట్టనిదే ఆ ఇంట్లో తెల్లవారినట్టు కాదు. కొమ్మ వంచుతుంటే బావి దరిన మనిషి కనిపించాడు. వంగి లోపలికి చూస్తున్నాడు. ఆ భుజాలు ఎవరివో పోల్చుకోవడానికి ఆమెకు వెలుతురు అక్కరలేదు.

పిలుద్దామని నోరు తెరిచి, ఉలిక్కిపడి జారుతాడేమోనని ఊరుకుంది. నీళ్లలో ఏదో బరువుగా పడ్డ చప్పుడైంది. పడ్డది మనిషి కాదని, మనిషి ఇంకా గట్టు మీదే ఉన్నాడని కళ్లతో చూసుకున్నాక గానీ ఊపిరి ఆడలేదు. పర్వతాలు తల్లిని చూడకుండానే ఇంటి దారి పట్టాడు.

పర్వతాలంటే మక్తల్ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. గొర్రెలు కాసే గోపయ్య కొడుకు. ఒడిసెల తిప్పి రాళ్లు విసిరి విసిరి ఇనుములా తేలిన చెయ్యి. ఆ చేత్తో బంతి వేసి హైదరాబాద్ చేరాడు, అక్కడి నుంచి వేల్స్ అనే దేశం పోయి కౌంటీ క్రికెట్ జట్టుకు ఏళ్ల తరబడి ఆడాడు. ఫోన్లో అక్కడి పచ్చని కొండలు చూపించేవాడు. కొండల నిండా గొర్రెలే.

"ఆడ గూడ గొర్లేనా? మరి గంత దూరం ఎందుకు పోయినవ్ రా, మన మంద సాలలేదా?" అనేది బీరమ్మ.

"ఆడి గొర్లకు కాపరి ఉండడమ్మా. వానల తడుసుకుంట అవే మేస్తయ్" అని నవ్వేవాడు.

అలాంటివాడు మూడేళ్ల కిందట, ఆటల కాలం సగంలో ఉండగానే తిరిగొచ్చాడు. నడుము పోయిందన్నాడు. తెల్ల బట్టలు ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాడు. నవ్వును కూడా అందులోనే పెట్టాడేమోనని బీరమ్మకు అనుమానం.

తండ్రి చెయ్యే కూతురికీ వచ్చింది. వర్షిత తొమ్మిదో తరగతి. రేపు పాలమూరులో జిల్లా జట్టుకు ఎంపిక. అది దాటితే హైదరాబాద్, తప్పితే మళ్లీ ఏడాది దాకా ఎదురుచూపే. ఇన్నాళ్లూ కూతురి ఆట వైపు కన్నెత్తి చూడని పర్వతాలు మొన్న ఆదివారం ఎందుకో బడి మైదానానికి వెళ్లాడు. వర్షిత వేసిన బంతి లేచి ఒక పిల్లవాడి తలకున్న హెల్మెట్‌కు ఠక్కున తగిలితే వాడు కూలబడి లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పర్వతాలు మాత్రం లేచి వచ్చేశాడు. అప్పటి నుంచి అన్నం ముందు కూర్చోవడమే గానీ తినడం లేదు.

బీరమ్మ ఆకులతో ఇల్లు చేరేసరికి కోడలు మల్లీశ్వరి మంచం కింద, గడ్డివాము వెనకాల, కోళ్ల గూట్లో కూడా వెతుకుతోంది.

"అత్తా, పిల్ల బూట్లు కనవడ్తలేవు. రాత్రి నేనే తుడిచి గీడ పెట్టిన. కుక్క ఎత్తుకపోయిందో ఏమో."

"కుక్కకు రెండు బూట్లెందుకమ్మా" అంది వర్షిత ఏడుపు గొంతుతో. "అవి లేకుంటే నన్ను మైదానంల అడుగు పెట్టనియ్యరు."

అరుగు మీద కూర్చున్న పర్వతాలు తల ఎత్తలేదు. "పోకుంటే ఏమైతది? సదువుకోనీ" అన్నాడు.

మల్లీశ్వరి చేతిలోని చీపురు కింద పడేసింది. "ఏమైతదా? నీ నడుము ఇరిగిందని పిల్ల కాళ్లు గూడ ఇరగ్గొడ్తవా? ఊరంతా నువ్వే నేర్పుతున్నవనుకుంటాంది. నువ్వేమో దానిదిక్కు సూడవు, దాని మొఖం సూడవు. ఏం పాపం జేసింది నీ బిడ్డ?"

బీరమ్మ ఆకులు కింద పెట్టింది. చెబితే ఇల్లు ఏమవుతుందో తెలియదు. చెప్పకపోతే, రేపు ఆ బావిలో పడేది బూట్లే కాకపోవచ్చు.

"మల్లీశ్వరీ, ఎతకకు. బూట్లు బాయిల ఉన్నయ్."

వర్షిత తండ్రి వైపు చూసింది. ఆ చూపు తగిలాకే పర్వతాలు నోరు విప్పాడు.

"నా నడుము బాగనే ఉందమ్మా. మొదటి సంది బాగనే ఉంది."

వేల్స్‌లో ఓవెన్ అని ఒక కుర్రవాడు, ఎదుటి జట్టువాడు, ఇరవై ఏళ్లు కూడా ఉండవేమో. పర్వతాలు వేసిన బంతి వాడి చెవి వెనకాల తగిలింది. "బ్యాటుకు తగిలిందనుకున్న. ఔటయ్యిండని చేతులు లేపి నిలబడ్డ. వాడు పడ్డది నాకు కనవడలే. అందరు ఉరుకుతుంటే నేనొక్కన్నే చేతులు లేపుకోని ఉన్న." కుర్రవాడు బతికాడు, కానీ కుడి చెయ్యి లేవదు, మాట ముద్దగా వస్తుంది. "దవాఖానల వాళ్లమ్మ నాకు చాయ్ తెచ్చిచ్చింది. నీ తప్పు లేదు బిడ్డా అన్నది. తిట్టినా బాగుండు. అటెన్క బంతి వేద్దామంటే చెయ్యి రాలే. మొన్న ఇది గూడ గట్లనే చేతులు లేపుకోని నిలబడ్డది. గా పిలగాడు లేవకుంటే?"

వర్షిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బీరమ్మ తాను కింద పెట్టిన ఆకుల వైపు చూసింది. మూడేళ్లు రోజూ కాపడం పెడితే, దిండులో మొహం దాచుకుని వాడి వీపు ఎగిసెగిసి పడేది. నొప్పికి అనుకుంది. ఇంకా గట్టిగా అదిమింది. కన్నబిడ్డ తన చేతి కిందే ఏడుస్తున్నాడని తెలుసుకోలేకపోయింది.

"బాపూ, నేను పోను తీయ్" అంది వర్షిత మెల్లగా.

ఆ మాటకు పర్వతాలు లేచి బావి వైపు నడిచాడు. చొక్కా విప్పి విసిరేశాడు. ముగ్గురూ వెనక ఉరికేసరికి బావిలో దూకాడు. నీళ్లు మూసుకున్నాయి. మల్లీశ్వరి పేరు పెట్టి పిలిచింది. పెళ్లయ్యాక ఎన్నడూ అలా పిలవలేదు. బుడగలు వచ్చాయి, ఆగిపోయాయి. బీరమ్మ గట్టు మీద నుంచి లోపలికి వంగి, కొడుకు కావాలి తప్ప ఇంకేమీ వద్దని కనిపించని దేవుళ్లందరికీ చెప్పుకుంది.

నీళ్లు చీల్చుకుని తల పైకి వచ్చింది. చేతిలో రాయి కట్టిన సంచి ఉంది.

మెట్లెక్కి వచ్చి, నీళ్లు కారే బూట్లు కూతురి ముందు పెట్టాడు. "ఎయ్యి బిడ్డా. ఎంత జోరుగ వస్తె అంత జోరుగ ఎయ్యి. కానీ ఎవనికన్నా తగిలితే అందరికంటె ముందుగాల నువ్వే ఉరకాలె వాని దగ్గరికి. చేతులు లేపొద్దు."

"ఉరుకుత బాపూ."

మల్లీశ్వరి బూట్లు తీసుకుపోయి, వేడి బూడిద మూటలు కట్టి, ఆరడానికి వాటిలో పెట్టింది.

మరునాడు పొద్దున్నే బీరమ్మ వావిలాకు నీళ్లు దించింది. పర్వతాలు ఆశ్చర్యంగా చూశాడు.

"నడుముకు ఏం లేదని చెప్పిన గదనే."

"ఇన్న. బోర్ల పండు."

పడుకున్నాడు. దిండులో మొహం దాచలేదు, తల్లి వైపు తిప్పి పడుకున్నాడు. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఈసారి ఆమె గట్టిగా అదమలేదు. వేడి గుడ్డ నడుము మీద వదిలేసి, తడి చేత్తో వాడి చెంపలు తుడిచింది.

"బాపూ, బస్సు వస్తాంది" అని వాకిట్లోంచి వర్షిత కేకేసింది.

"ఆగు బిడ్డా" అన్నాడు పర్వతాలు. "నేను గూడ వస్తున్న."