పిడి లేని కత్తి

ఆ ఇంటిని చుట్టుపక్కల వాళ్ళు "సానవాడి ఇల్లు" అంటారు. పొద్దుగూకితే అటు ఎవరూ వెళ్ళరు. ఎప్పుడో అందులో కత్తులకి సానపట్టే మనిషి ఒకడు ఒంటరిగా ఉండేవాడట. పోయాడు. మనిషి పోయినా పని మానలేదంటారు. రాత్రిళ్ళు వరండాలో గర్ర్... గర్ర్... మని చప్పుడు. బయట మరిచిపోయిన గొడ్డలీ కొడవలీ తెల్లారేసరికి గుర్తుపట్టలేనట్టు ఉంటాయట.

అలాంటి ఇంటిని కోరి కోరి కొనుక్కుంది మా పిన్ని.

పిన్ని పళ్ళ డాక్టరు. పొద్దస్తమానం జనం నోళ్ళలో మిషను రొద విని విని, "ఆకుల చప్పుడు తప్ప ఇంకేదీ వినపడని చోటు కావాలి" అని ఏళ్ళ తరబడి కలవరించింది. చివరికి దొరికింది — అడవి అంచున, మట్టిబాట చివర, రేకుల కప్పు, రెండు గదులు, ముందు వరండా. ఫోను మాట్లాడాలంటే వాకిట్లో ఉన్న బండరాయి ఎక్కి నిలబడాలి. పిన్నికి ప్రాణం లేచొచ్చింది.

బాబాయి సంతోషం వేరు. ఆయన నడిపేది డ్రైవింగ్ స్కూలే గానీ, పిచ్చంతా కత్తుల మీద. మడత చాకులు, తోలు ఒరలో జానెడు కత్తి, కొమ్మలు నరికే మచ్చుకత్తి... ఆదివారం వస్తే అన్నిటికీ నూనె రాసి, తుడిచి, వరసగా పేర్చుకుని మురిసిపోతాడు. పట్నంలో వాటితో ఆయన కోసినవి మాత్రం పార్సిళ్ళూ, ఒక పుట్టినరోజు కేకూ.

"ఇన్నాళ్ళకి నా కత్తులకి పని దొరికింది," అన్నాడట ఇల్లు చూసి.

బాట మొదట్లో కొట్టు నడిపే పెద్దావిడ అగ్గిపెట్టె ఇస్తూ గొంతు తగ్గించింది — "ఇనుము బయట పెట్టకు నాయనా. వాణ్ణి పనికి పిలిచినట్టవుతుంది."

బాబాయి నవ్వేశాడు. పగలు కదా.

ఆ రోజంతా మచ్చుకత్తితో బాటకి అడ్డంగా పెరిగిన ముళ్ళకంపలు నరికాడు. చొక్కా తడిసి ముద్దయింది. చెమటకి పిడి జారిపోతుంటే పట్టు మార్చుకుంటూ, మార్చుకుంటూ... సాయంత్రానికి చెయ్యి లేవలేదు. కత్తిని వరండాలో ఉన్న మొద్దులో దిగ్గొట్టి, వచ్చి పడుకున్నాడు.

నడిరేయి...

గర్ర్... గర్ర్...

బాబాయి కళ్ళు తెరిచాడు. బయట గాలి లేదు. ఆకు కదలడం లేదు.

గర్ర్... గర్ర్...

ఆగింది. ఆ వెంటనే గలగల — ఎవరో తాళాల గుత్తి నడుముకి కట్టుకుని నడిచినట్టు. మళ్ళీ... గర్ర్...

"ఏయ్... లేవవే," పిన్ని చెవిలో గొణిగాడు. "వచ్చాడు."

"ఎవరు?"

"సానవాడు."

పిన్ని కాసేపు చెవి ఒగ్గింది. "ఇందాకటి నుంచీ మీ గురక అనుకుంటున్నాను. వెళ్ళి చూడండి మరి."

"కత్తి బయటుంది."

"మిగతావి?"

"పెట్టెలో ఉన్నాయి... పెట్టె కారులో ఉంది... కారు బయటుంది."

చివరికి ఉల్లిపాయలు కోసే చాకు గుండెలకి హత్తుకుని, తెల్లారేదాకా మంచం మీద బొమ్మలా కూర్చున్నాడు. పిన్ని హాయిగా నిద్రపోయింది.

పొద్దున తలుపు తీస్తే —

కత్తి మొద్దులో అలాగే ఉంది. పిడి లేదు. పిడి ఉండాల్సిన చోట ఉత్త ఇనప ముక్క... కింద గుప్పెడు చెక్కపొట్టు.

బాబాయి గబగబా బండెక్కి బ్రోకరుకి ఫోను చేశాడు. "అమ్మేద్దామయ్యా. ఎంతొస్తే అంతకే."

పిన్ని మొహం వాడిపోయింది. పొట్టులోంచి గోరంత చెక్క ముక్క ఏరి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. చాలాసేపు చూసింది.

"ఒక్క రాత్రి ఆగండి," అంది. "నాకూ చూడాలని ఉంది. నిజంగా దెయ్యమే అయితే నేనే సంతకం పెడతాను."

ఆ సాయంత్రం బాబాయి చేత గొడ్డలితో కట్టెలు కొట్టించింది. చాలు అనకుండా కొట్టించింది. ఆయన చెమటలు కక్కాక, ఆ గొడ్డలిని తీసుకెళ్ళి వరండాలో పెట్టించింది. బాబాయి దాన్ని కన్నబిడ్డని అడవిలో వదిలినట్టు వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ వచ్చాడు.

చీకటి చిక్కబడింది. ఇద్దరూ తలుపు వెనక నిలబడ్డారు. తలుపు వేలెడు సందు తెరిచి ఉంది.

గలగల...

దగ్గరికొచ్చింది. మెట్టెక్కింది.

గర్ర్... గర్ర్...

పిన్ని టార్చి వేసింది.

ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది — నల్లగా, పొట్టిగా, జుట్టంతా నిక్కబొడుచుకుని, గొడ్డలి పిడిని గట్టిగా అదిమి పట్టుకుని. బాబాయి పిన్ని వెనక్కి నక్కాడు. అది మెల్లగా... తల ఇటు తిప్పింది.

ముళ్ళపంది!

"ఉప్పు కోసమండీ," అంది పిన్ని, నవ్వు ఆపుకోలేక. "మీ చెమట పిడికి పట్టింది. అది రుచి మరిగింది. ముక్క మీద గాట్లు చూస్తే ఉలితో చెక్కినట్టున్నాయి. అలాంటి ముందుపళ్ళు మనుషులకి ఉండవు, పోయినవాళ్ళకైనా."

"పొద్దున్నే చెప్పొచ్చుగా!"

"నోరు తెరిచి చూడకుండా ఎవరి పళ్ళ గురించీ ఖాయంగా చెప్పను."

వెలుతురు నచ్చలేదేమో, అది ముళ్ళు గలగలలాడించుకుంటూ మెట్లు దిగి, ఇల్లు తనదే అన్నట్టు తాపీగా చెట్లలోకి పోయింది.

ఇంతవరకూ పిన్ని చెబితే విన్నదే. ఆ తర్వాతది సగం మా ఇంట్లో, ఫోనుకి ఇటువైపున, నేను కళ్ళారా చూశాను.

మర్నాడు బాబాయి బండెక్కి, అమ్మడం లేదని బ్రోకరుకి చెప్పి దిగబోతుంటే మా అమ్మ ఫోను చేసింది. "సెలవులకి అందరం అక్కడికే వస్తున్నాం మరిదీ! పిల్లలూ, మీ తోడల్లుళ్ళూ, వాళ్ళ కుక్కా... పెట్టెలు కూడా సర్దేస్తున్నా!"

ఆయన చేతిలోంచి పిన్ని ఫోను లాక్కుంది. చుట్టూ ఉన్న చెట్లకేసి ఒకసారి చూసుకుందట. ఆకుల చప్పుడు తప్ప ఇంకేదీ లేదు.

"రా అక్కా," అంది, గొంతు బాగా తగ్గించి. "మీరొస్తే మాకూ ధైర్యం. ఇక్కడ రాత్రిళ్ళు... అదేదో..."

"ఏంటే? ఏమైంది?"

పిన్ని బాబాయికేసి చూసింది. ఆయన జేబులోంచి చాకు తీసి, బండరాయి మీద ఆనించి, మెల్లగా లాగాడు —

గర్ర్... గర్ర్...

మా అమ్మ చేతిలో ఫోను జారి మంచం మీద పడింది. పెట్టెలోకి ఎక్కిన బట్టలన్నీ ఎక్కినంత వేగంగా దిగి మళ్ళీ అలమారాలోకి వెళ్ళిపోయాయి.