మూడుంపావుకి చేరే ఫోన్

చిట్టిది ఆఫీసులో సర్వర్లు చూసుకునే ఉద్యోగం. అందరి కంప్యూటర్లూ బాగుచేసే మనిషి ఇంట్లోనే నెట్ రోజూ సాయంత్రం చచ్చి మళ్లీ బతుకుతోంది. ఆ రౌటర్‌కి మతిమరుపు. ఒకసారి ఆపి మళ్లీ వేస్తే, ఏ ఫోన్ ఎప్పుడు చేరిందో మొత్తం మర్చిపోతుంది. ఈ సంగతి మొగుడికి తనే ఎప్పుడో నవ్వుతూ చెప్పింది. చివరికి ముందుగదిలో మూలనున్న పాత కంప్యూటర్లో లినక్స్ వేసి, రౌటర్ లాగ్, అంటే ఆ రాకపోకల చిట్టా అంతా, ఎప్పటికప్పుడు అందులోకి వచ్చిపడేలా అమర్చింది. ఈ సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు. చెప్పినా ఆయన బుర్రకెక్కదు.

వారం పోయాక, ఒంట్లో నలతగా ఉండి సెలవు పెట్టి, మధ్యాహ్నం తీరిగ్గా ఆ కంప్యూటర్లో లాగ్ తెరిచింది.

రోజూ మూడుంపావుకి ఆయన ఫోన్ ఇంటి నెట్‌లో చేరుతోంది. షాపులో ఉండాల్సిన మనిషి! మరు నిమిషమే ఇంకో ఫోన్. అయిదింటికి రౌటర్ ఆగి, మళ్లీ మొదలు. అంటే, ఆయనే ఆనవాళ్లు చెరిపేస్తున్నాడు.

చిట్టికి ఒళ్లు మండిపోయింది. ఎవత్తె అది? పేరు చూసింది.

అక్క.

రౌటర్లో ఆ ఫోన్‌కి ఆ పేరు పెట్టింది తనే. కానీ అక్క పోయి ఆర్నెల్లయింది. తల్లిలా పెంచిన అక్క. ఆమె ఫోన్ బీరువాలో బట్టల మధ్య దాచుకుంది చిట్టి. పరుగెత్తి తీసింది. బ్యాటరీ ఉబ్బి, వెనక మూత ఊడిపోయి... చల్లగా ఉంది.

తలుపు చప్పుడైంది. మూడుంపావు.

అక్క ఫోన్ పట్టుకునే ముందుగదిలోకి వచ్చింది. ఆయన సోఫాలో కూర్చుని, కంప్యూటర్ తెర కేసి చూస్తున్నాడు.

"ఏంటండీ ఇది?"

ఆయన నోటిమీద వేలేసుకున్నాడు. "మెల్లిగా... నువ్వున్నావని తెలిస్తే నొచ్చుకుంటుంది."

"అక్క చచ్చిపోయిందండీ!"

"నాకు తెలీదా? బతికున్నప్పుడూ ఈ టైముకే వచ్చేది."

భయం కంటే ముందు ఏడుపు తన్నుకొచ్చింది. ఆర్నెల్లుగా ఎవరి కోసం కుమిలిపోయింది తను!

గదిలో తలనూనె వాసన... అక్క రాసుకునేదే.

తెరమీద కొత్త వరుస పడింది. 3:16. అక్క ఫోన్ చేరింది.

చేతిలో ఫోన్ నల్లగానే ఉంది.

ఆయన కాస్త పక్కకి జరిగాడు. చోటిస్తున్నాడు... చిట్టి నిలబడ్డ వైపు కాదు.

ఇంకో వరుస. 3:17. చిట్టి ఫోన్‌ని నెట్‌లోంచి తీసేశారు.

అలా తీసెయ్యాలంటే రౌటర్ లోపలి పాస్‌వర్డ్ కావాలి. అది ఆయనకి తెలీదు. చిట్టి చెప్పింది ఒక్కళ్లకే.