కొమ్ములో మొదటి గుక్క

తూటా అదెమీర్ కణతలోంచి దూసుకుపోయింది. అతను నది ఒడ్డునున్న టూరిస్టు లాడ్జ్‌లో గైడ్. పడవను రేవుకు కడుతూనే నీళ్లలోకి ఒరిగిపోయాడు. ఎవరైనా లాగేలోపే మాంసం పీక్కుతినే పిరాన్యా చేపలు మూగాయి. నీళ్లు ఎర్రగా ఉడికినట్టయ్యాయి. పైకి తేలింది టోపీ ఒక్కటే.

వంటింటి కిటికీలోంచి నెయూజా అది చూసింది. లాడ్జ్‌లో అందరికీ ఆమె వంటమనిషి. నిజానికి సీక్రెట్ ఏజెంట్. వెంటనే ఉప్పుడబ్బాలోంచి రేడియో తీసింది.

"అదెమీర్ పోయాడు సార్. అన్సెల్మోని ఇంకెంతసేపు కాయాలి?"

"పొద్దుగూకేలోపు మన విమానం వస్తుంది" అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా ఆయుధాలు దించే రన్‌వే ఎక్కడుందో వాడొక్కడికే తెలుసు. వాడు పోతే మిషన్ పోయినట్టే. నీకు తోడు లొరేనా వస్తోంది. కోడ్ గుర్తుందిగా?"

అన్సెల్మో ఆ ముఠా విమానాలు బాగుచేసిన మెకానిక్. కుయబా నగరంలో వాళ్లమ్మ కొడుకు బెంగతో ఈపాటికి తిండి మానేసి కూర్చుని ఉంటుంది. వాడికేమైనా అయితే ఆమెకేం జవాబు చెప్పాలోనన్న భయంతో, నెయూజా వాడి పళ్లెంలో ప్రతిదీ తను రుచి చూశాకే పెడుతోంది.

లొరేనా పడవ దిగింది. తెల్ల టోపీ, ఎర్రటి పెదాలు, మెడలో బైనాక్యులర్స్.

"కొంగలు గూళ్లకొచ్చాయా?" అంది నెయూజా.

"రెక్కలు తడిసి వచ్చాయి." కోడ్ సరిపోయింది. "నీలాగే నేనూ కొరుంబా పిల్లనే అక్కా. అక్కడే పుట్టి పెరిగా. ఇంక భయపడకు."

లొరేనా వరండాలో కూర్చుని, అక్కడివాళ్లు పంచుకు తాగే చల్లటి ఆకుటీ తెరెరె కలిపింది. ఆవుకొమ్ములో ఆకుపొడి పోసి, గొట్టం గుచ్చి, చన్నీళ్లు వంచి, నవ్వుతూ అన్సెల్మోకిచ్చింది.

"ఎండకి వాడిపోయావు తమ్ముడూ. ముందు నువ్వు తాగు."

నెయూజా చెయ్యి నడుముకున్న చేపల కత్తి మీదికి పోయింది. తెరెరె పోసేవాళ్లే మొదటి చేదు గుక్క తాగాలి. కొరుంబాలో పాలపళ్లు ఊడని పిల్లలకు కూడా తెలిసిన సంగతది!

గొట్టం అన్సెల్మో పెదవులకు తగిలింది.

నెయూజా తన్నిన తన్నుకు కొమ్ము ఎగిరి గోడకు కొట్టుకుంది. లొరేనా బైనాక్యులర్స్ ఎత్తి మీట నొక్కింది. విషపు సూది నెయూజా చెవి పక్కనుంచి దూసుకుపోయి స్తంభంలో దిగింది. మరుక్షణం చేపలు కోసే కత్తి లొరేనా అరచేతిని బల్లకు గుచ్చేసింది. ఆమె అరుపుకి, ఆమెను తెచ్చిన పడవవాడు రైఫిల్‌తో మెట్లెక్కాడు. ఇద్దరూ ముఠా మనుషులే; అదెమీర్‌ని కాల్చింది వాడే. నెయూజా లొరేనా మెడతో సహా బైనాక్యులర్స్‌ని అటు తిప్పి నొక్కింది. సూది వాడి గొంతులో దిగింది. నురగలు కక్కుతూ మెట్ల మీద నుంచి దొర్లిపోయాడు. లొరేనా కత్తి పీక్కుని మీదికి దూకింది. నెయూజా మోచేతి దెబ్బకు దవడ విరిగి, పళ్లు నేలరాలాయి.

ఉయ్యాల తాడుతో కట్టేస్తుంటే లొరేనా నెత్తురు ఉమ్మింది. "ఎక్కడ... తప్పు చేశాను?"

"మర్యాద ఎక్కువ చేశావమ్మా."

ఆకాశంలో విమానం చప్పుడు వినిపించింది. అన్సెల్మో ఎండిన పెదాలు తడుపుకున్నాడు. నెయూజా కొత్త కొమ్ములో తెరెరె కలిపి, మొదటిది తను తాగి, మళ్లీ నీళ్లు నింపి అందించింది.

వాడు కొమ్ము వంక చూశాడు. ఆమె మొహం వంక చూశాడు.

"విమానం ఎక్కేదాకా నువ్వు బతికుంటే, అప్పుడు తాగుతాలే అక్కా."