రేకుల షెడ్డులో ఎర్ర కన్ను

ఆ కొండ మీది రేకుల షెడ్డుకి మంచి పేరు లేదు. చీకటి పడితే దాని కప్పు దానంతటదే పక్కకి జరుగుతుందట. లోపల ఏదో సన్నగా మూలుగుతూ మెడ తిప్పుతుందట. మనిషి జాడ లేకపోయినా మగ గొంతు వినబడుతుందట… తన మేకలు ఆ వైపు గడ్డి కూడా ముట్టవని మేకల తాత ఒట్టేసి చెప్పేవాడు. ఆయన మేకలు చెప్పులు కూడా వదలవు, అది వేరే సంగతి.

నిజానికి ఆ దెయ్యం ఒక పళ్ళ డాక్టరు. అక్కడికి ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉంటాడు. పగలంతా జనం నోళ్ళలోకి చూసి చూసి విసుగెత్తి, రాత్రిళ్ళు ఆకాశంలోకి చూడటం మరిగాడు. ఊరి దీపాల వెలుగులో చుక్కలు కనబడవు కనక, చుట్టూ దీపమన్నది లేని ఆ కొండ మీద టెలిస్కోపు పెట్టించి, ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చుని దాన్ని తిప్పేవాడు. షెడ్డులో పైన ఒక నిఘా కెమెరా — ఎర్ర కన్నూ, మాట్లాడటానికి స్పీకరూ. కాపలాకి బామ్మర్ది; పగలు పడుకుని రాత్రి చీకట్లో తిరిగేవాడు కనక ఊళ్ళో ఎవరి కంటా పడలేదు. పనీపాటా లేనివాడికి పని దొరికిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు, బామ్మర్ది తప్ప.

డాక్టరుకి నెబ్యులాల పిచ్చి. ఆకాశంలో పొగమబ్బుల్లాంటివవి, కంటికి ఆనవు. ఫొటో కెమెరాని గంటల తరబడి తెరిచి ఉంచితే వెలుగు కొంచెం కొంచెంగా పోగై బొమ్మ తేలుతుంది. ఆ గంటల్లో అక్కడ అగ్గిపుల్ల గీసినా బొమ్మ గంగలో కలిసినట్టే. అందుకని ఎర్ర కన్ను కూడా ఆర్పేసేవాడు. బామ్మర్దిని టార్చి ముట్టనిచ్చేవాడు కాదు.

"చీకట్లో ఎక్కడైనా పడి చస్తాను బావా."

"పడితే లేపుతార్లే. లైటు మాత్రం వెయ్యకు."

ఆ రాత్రి ఫొటో మధ్యలో వానమబ్బు కమ్ముకొచ్చింది. కప్పు మూసుకోమని డాక్టరు ఇంటి నుంచి మీట నొక్కాడు. అది సగంలో ఇరుక్కుంది. బామ్మర్దికి ఫోను చేస్తే "నిచ్చెనెక్కి తోస్తాలే" అన్నాడు. ఆ తర్వాత… ఫోను మోగుతోంది గానీ ఎత్తటం లేదు.

ఎర్ర కన్ను వెలిగించి చూశాడు.

నిచ్చెన కింద పడి ఉంది. దానితోపాటు పాత బ్యాటరీ పెట్టెల అర మొత్తం కూలింది. ఆ పెట్టెల వెనక — ఒక పాదం. కదలటం లేదు. అలవాటు కొద్దీ టార్చి లేకుండానే ఎక్కినట్టున్నాడు పాపం.

"మా తమ్ముడేడీ?" వెనక నించి భార్య.

డాక్టరు తెర మీద వేలు పెట్టి చూపించాడు.

అంబులెన్సు వాళ్ళని బతిమాలారు. కొండకి బండి ఎక్కదు, మనిషిని రోడ్డు దాకా దించితే తీసుకెళ్తామన్నారు. దించేదెవరు?

అంతలో షెడ్డు గుమ్మంలో వెలుతురు కదిలింది. తప్పిపోయిన మేకని వెతుక్కుంటూ తాత వచ్చాడు! డాక్టరుకి ప్రాణం లేచొచ్చింది.

"తాతా! ఆగు! లోపలికి రా… ఇక్కడ మనిషి చచ్చిపోతున్నాడు!"

ఖాళీ షెడ్డు లోపలికి రమ్మంటే మీరు వెళ్తారా? తాతా వెళ్ళలేదు. కర్రా, చెప్పులూ, దొరికిన మేకా… మూడూ అక్కడే వదిలేసి పరుగు.

"అరిచి తరిమేశారు కదండీ!" భార్య తల కొట్టుకుంది.

పాదం అలాగే ఉంది. డాక్టరు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఇంకేం చెయ్యగలడు? టెలిస్కోపుని అటు తిప్పగలడు, ఇటు తిప్పగలడు. అంతే.

చాలాసేపటికి మళ్ళీ దీపాలు. ఈసారి నలుగురైదుగురు. చేతుల్లో గునపాలు.

"ఇవాళ దీని అంతు చూడాల్సిందేరా!" ముందు తాతే ఉన్నాడు.

డాక్టరు నోరు తెరిచాడు. భార్య చెయ్యి అడ్డం పెట్టి నొక్కేసింది. "వద్దు… మాట్లాడితే మళ్ళీ పారిపోతారు…"

టెలిస్కోపు చుక్కల వెంట మెల్లగా తిరుగుతోంది.

"మెడ తిప్పుతోందిరోయ్!"

గునపం దెబ్బకి అద్దం భళ్ళుమంది. భార్య వేళ్ళ మీదుగా డాక్టరు కన్నీళ్ళు కారాయి. అవి బామ్మర్ది కోసమా టెలిస్కోపు కోసమా అని ఆవిడ ఇప్పటికీ అడగలేదు.

కెమెరా పైనుంచి చూస్తోంది కాబట్టి పాదం కనబడింది. కింద నిలబడ్డవాళ్ళకి పెట్టెలు అడ్డం. వెనక చూడండిరా… వెనక… డాక్టరు లోలోపలే మొత్తుకున్నాడు. ఎవరూ చూడలేదు. ఒకడు అప్పుడే గుమ్మం దాటి బయటికి పోతున్నాడు. ఇక ఆగలేక భార్య చెయ్యి విదిలించుకుని మైకు అందుకోబోయాడు —

తాత తలెత్తి చూశాడు. "అదిగో, కన్ను!"

గునపం తెర నిండా వచ్చింది. అంతా చీకటి.

తెల్లారేదాకా మొగుడూ పెళ్ళాం ఆ నల్ల తెర ముందు నోరు మెదపకుండా కూర్చున్నారు. అప్పుడు మోగింది ఫోను.

"బావా! ఆసుపత్రి నుంచి… కాలు విరిగింది, అంతే. బతికానంటే నీ చలవే. వాళ్ళు వెళ్ళిపోబోతుంటే భలే పిలిచావు — 'పెట్టెల వెనక ఉన్నాడు, మెల్లిగా ఎత్తండి' అని! తాత వణికి చచ్చాడనుకో. అయినా ఎత్తాడు."

"ఎప్పుడు…?"

"అదే, కెమెరా పగలగొట్టాక. స్పీకరు ఎలా పనిచేసిందో మరి!"

డాక్టరు భార్య వైపు చూశాడు. ఆవిడ మైకు వైపు చూసింది.

"నిద్రపోకు, నిద్రపోకు అంటూ కొండ దిగేదాకా నా చెవి పక్కనే ఉన్నావు. బండిలో కూడా… ఏంటి బావా, రాత్రంతా అంత మాట్లాడి ఇప్పుడు ఉలకవూ పలకవూ?"