చివరి పేజీలో బతికిన అత్తయ్య

"నేను చంపిన మనిషి బతికొచ్చిందండీ!"

తలుపు తోసుకుని లోపలికి వచ్చిన యువతి ఈ మాట అని కుర్చీలో కూలబడింది. ఒళ్ళో ఉన్న కాగితాల కట్టని రెండు చేతులా అదిమి పట్టుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

పరిశోధకురాలి సహాయకుడు చప్పున లేచి తలుపు గడియ పెట్టాడు. ఆ పెద్దమనిషిని అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఉద్యోగ విరమణ అయ్యాక ఇంట్లో పొద్దుపోక ఇక్కడ చేరాడు. ఇంతవరకూ ఆయన వాటాకి తప్పిపోయిన పిల్లులూ, మాయమైన సైకిళ్ళే వచ్చాయి. ఇన్నాళ్ళకి తన స్థాయికి తగ్గ కేసు దొరికిందని ఆయన లోలోపల పొంగిపోయాడు.

పరిశోధకురాలు మాత్రం తాగుతున్న టీ పూర్తిచేసి కప్పు పక్కన పెట్టింది. ఆమెని అందరూ నిదానం గారంటారు. ఇల్లు అంటుకున్నా చెప్పులు వెతుక్కుని వేసుకున్నాకే బయటికి వస్తుందని ఎగతాళి చేస్తారు. బాబాయ్ దృష్టిలో మాత్రం ఆమె తుమ్మినా అందులో ఏదో పరమార్థం ఉంటుంది.

"ఎక్కడ చంపారు?" అని అడిగింది నిదానం.

"ఇరవయ్యో అధ్యాయంలో."

బాబాయ్ వెళ్ళి గడియ తీసేశాడు.

వచ్చినావిడ రచయిత్రి. ఎన్నో చోట్ల నుంచి తిరిగొచ్చిన ఆమె మొదటి నవలని చివరికి ఒక ప్రచురణకర్త ఒప్పుకున్నాడు. రేపు పొద్దున ప్రెస్సుకి వెళ్ళాలి. ఆఖరుసారి చూసుకుందామని ఇవాళ పేజీలు తెచ్చుకుంటే, ముగింపులో చనిపోవలసిన అత్తయ్య నిక్షేపంగా లేచి కూర్చుని ఉంది.

"చూడండి ఎలా రాశారో!" అంటూ ఆమె ఆ పేజీ తీసి చదివింది. "'అందరూ ఆశ వదులుకున్న ఆ సాయంత్రం మన అత్తయ్య కళ్ళు తెరిచింది. లేచి కూర్చుని, నా కత్తెరేదే అంది. కత్తెర చేతికి ఇచ్చినా దారం పళ్ళతోనే తెంపింది. ఆ దారంతోపాటే జ్వరమూ తెగిపోయింది.' దారంతోపాటు జ్వరం తెగడమేంటండీ? నేను చచ్చినా ఇలా రాయను!"

"ప్రచురణకర్తని అడిగారా?"

"భయమేసిందండీ. పేచీ పెట్టుకుంటే పుస్తకమే ఆపేస్తాడేమో. ఊరుకుంటే ఈ జ్వరం జన్మంతా నా పేరు కింద ఉంటుంది. తిట్లు తినడానికి నేను సిద్ధమే, కానీ నేను రాసినదానికే తినాలి కదా." ఆమె కాగితాల కట్టని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. "ఎవరు చేశారో తెలిస్తే చాలు. తెలియకపోతే ఇంకెవరి చేతికీ నా కాగితాలు ఇవ్వలేను."

నిదానం ఆ పేరా రెండోసారి చదువుకుంది. "ఈ అత్తయ్య నిజంగా ఉందా?"

"అబ్బే, అంతా కల్పితం" అంది రచయిత్రి, సంచి పట్టీ సవరించుకుంటూ. "నవల కదండీ."

ప్రచురణకర్త ఆఫీసు మేడమీద ఉంది. మెట్లకి రెండువైపులా పుస్తకాల కట్టలు. ఎక్కాలంటే పక్కకి తిరిగి ఎక్కాలి. కొత్త కాగితం, జిగురు కలిసిన వాసన కింది గుమ్మం దాకా వస్తోంది. ప్రచురణకర్త నవ్వు మొహంతో ఎదురొచ్చాడు.

"మన నవలకేం, బ్రహ్మాండం! మన పాఠకులు ఎగబడి కొంటారు చూడండి. ఏడుపు ముగింపు వద్దమ్మా అని మొదట్నుంచీ మొత్తుకున్నాను. చివరికి మన రచయిత్రి దారికొచ్చింది."

"ఆమె మార్చలేదండీ" అంది నిదానం.

ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. "మరి మన ఆఫీసులో ఎవరు మారుస్తారు?"

పేజీలు కూర్చే అమ్మాయి కంప్యూటర్ ముందు నుంచి లేచి వచ్చింది. దిద్దిన ప్రూఫులు రచయిత్రి తమ్ముడు తెచ్చి ఇచ్చాడని, ఆ కట్ట ఆ రాత్రంతా ప్రచురణకర్త బల్ల మీదే ఉందని చెప్పింది. పొద్దున విప్పితే చివర ఒక కాగితం గుచ్చి ఉందట. పైన 'పాత ముగింపు తీసేసి ఇది వేయండి' అని, కింద ఆ పేరా. అంతా ప్రింటరు మీద తీసిందే. ఎవరి చేతిరాతా లేదు.

"రచయిత్రి గారే పంపారనుకున్నానండీ. నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది. అత్తయ్య పోయే పేజీలు కూర్చినప్పుడు ఏడ్చి ఏడ్చి కీబోర్డు తడిపేశాను."

ప్రూఫులు దిద్దే మాస్టారు కళ్ళజోడు పైనుంచి చూశాడు. "మార్పు నాకు చూపించకుండానే ఎక్కించేశారు. చూపించి ఉంటేనా! అక్కడ మొదటి వాక్యానికే ఎర్ర సిరా కావాలమ్మా."

"తెలుసు మాస్టారూ. ఏమిటో ఇప్పుడే చెప్పకండి" అంది నిదానం నవ్వుతూ.

మెట్లు దిగుతుండగానే బాబాయ్ ఆగలేకపోయాడు. "దొరికాడమ్మా! ప్రచురణకర్తే. ఆయనకి 'మన' అనకుండా నోరు పెగలదు. కాగితంలో కూడా 'మన అత్తయ్య' అనే ఉంది. పైగా కట్ట రాత్రంతా ఆయన బల్ల మీదే ఉంది!"

"సగం పట్టేశారు బాబాయ్."

ఆ సగం ఏదో ఆయనకి అంతుపట్టలేదు. అయినా మిగతా మెట్లు హుషారుగా దిగాడు.

అక్కణ్ణుంచి రచయిత్రి ఇంటికి వెళ్ళారు. తమ్ముడు తలుపు తీసి, వాళ్ళెవరో అక్క చెప్పగానే తత్తరపడి మంచినీళ్ళకని లోపలికి వెళ్ళిపోయాడు. ముందు గదిలో కుట్టుమిషను పక్కన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"ఈవిడ... మా అత్తయ్య" అంది రచయిత్రి, నేల చూపులు చూస్తూ. "మమ్మల్నిద్దర్నీ పెంచింది ఈవిడే."

"కల్పితం గారా, నమస్కారమండీ" అంది నిదానం. రచయిత్రి మొహం ఎర్రబడింది.

"కంటి ఆపరేషన్ చేశారు తల్లీ" అంది అత్తయ్య. "చదవొద్దట, కుట్టొద్దట, ఇంకా నయం, ఊపిరి పీల్చుకోనిచ్చారు. ఇదుగో పెద్దాయనా, ఇలా రండి. ఆ చొక్కా గుండీ ఊడిపోయేలా ఉంది."

"కుట్టొద్దన్నారు కదండీ" అన్నాడు బాబాయ్.

"నేనెప్పుడైనా కళ్ళతో కుట్టానా? వేళ్ళతోనేగా!"

ఒంటి మీద చొక్కా ఒంటి మీదుండగానే ఆవిడ గుండీ కుట్టేసింది. కత్తెర ఒళ్ళోనే ఉంది. అయినా ముందుకి వంగి దారాన్ని పటుక్కున కొరికేసింది. బాబాయ్ ఊపిరి బిగబట్టి, ఇంటి కప్పు చూస్తూ నిలబడ్డాడు.

నిదానం రచయిత్రిని పక్కకి పిలిచింది. "మీ నవలలో అత్తయ్య దారం ఎక్కడైనా పళ్ళతో తెంపుతుందా? ఆ కొత్త పేరా కాకుండా?"

రచయిత్రి ఆలోచించింది. "లేదండీ. అసలు నాకు తట్టనేలేదు. పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను, ఎలా మర్చిపోయాను?"

సాయంత్రానికల్లా నిదానం అందర్నీ ఆ ముందు గదికే పిలిపించింది. ప్రచురణకర్త, పేజీలు కూర్చే అమ్మాయి, మాస్టారు వరసగా కూర్చున్నారు. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. అత్తయ్యని లోపలికి పంపించబోయింది రచయిత్రి.

"ఆవిడ లేకపోతే కేసే లేదు" అని ఆపింది నిదానం. తర్వాత గొంతు సవరించుకుంది.

"కూర్చే అమ్మాయికి వేరే కాగితం అక్కర్లేదు. మార్చాలనుకుంటే తిన్నగా పేజీలోనే మార్చేయొచ్చు. మాస్టారు రాసి ఉంటే మొదటి వాక్యంలో ఆ తప్పు ఉండేది కాదు. ఏమిటి మాస్టారూ ఆ తప్పు?"

"'మన అత్తయ్య' అని ఉందమ్మా. నవలంతా 'మా అత్తయ్య' కదా!"

"అదీ సంగతి. కథ చెప్పే అమ్మాయి పాఠకులతో మాట్లాడుతోంది. వాళ్ళకి ఈవిడ అత్తయ్య కాదు, కాబట్టి 'మా' అనాలి. 'మన' అనాలంటే వినే మనిషికి కూడా ఈవిడ అత్తయ్యే అయ్యుండాలి."

ప్రచురణకర్త ఇబ్బందిగా కదిలాడు. "నేను అందరితోనూ అలాగే అంటానండీ..."

"అంటారు. అందుకే బాబాయ్ మిమ్మల్ని పట్టుకున్నారు. కానీ ఈవిడ దారం పళ్ళతో తెంపుతుందని మీకెలా తెలుస్తుంది? నవలలో లేదు. మీరు ఈ గడప తొక్కడం ఇదే మొదటిసారి. ఆ పేరా రాసిన మనిషి ఈవిడని రోజూ చూసినవాడు. రాస్తున్నంతసేపూ మనసులో మాట్లాడింది పాఠకులతో కాదు." నిదానం రచయిత్రి వైపు తిరిగింది. "మీతో. మీతో కూర్చుని 'మన అత్తయ్య' అనగలిగింది ఈ లోకంలో ఒక్కడే."

గుమ్మం దగ్గర తమ్ముడు మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"అక్కా, నువ్వు పనికి వెళ్ళినప్పుడు అత్తయ్యకి రోజూ ఒక అధ్యాయం చదివి వినిపించేవాణ్ణి. చదవమని ప్రాణం తోడేసేది. ఆఖరి అధ్యాయం దగ్గర నాకు నోరు రాలేదు. ఏదో నోటికొచ్చింది చెప్పేశాను. అది విని ఎంత మురిసిపోయిందో! అచ్చులో ఇంకోలా ఉంటే వీధిలో ఎవరో ఒకరు చెప్పేస్తారుగా. అందుకే కాగితం గుచ్చాను."

"ఇంకోలా అంటే?" అంది అత్తయ్య. "ఏముందిరా అందులో?"

బాబాయ్ నిదానం మొహం చూశాడు. "అది చెప్పాల్సింది నేను కాదు" అందామె.

రచయిత్రి వచ్చి అత్తయ్య కాళ్ళ దగ్గర కూర్చుంది. "నిన్ను చంపేశానత్తయ్యా."

"ఎలా?"

"జ్వరంతో."

"చదువు."

రచయిత్రి తన కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టింది. ఆ పేజీల్లో, అత్తయ్య కుట్టిన బట్టలు వేసుకుని వీధి వీధంతా కడచూపుకి వచ్చింది. మిషను మీద సగం కుట్టిన చొక్కా చెయ్యి అలాగే ఉంది. దాన్ని తీయడానికి ఇంట్లో ఎవరికీ చేతులు రాలేదు. పేజీలు కూర్చే అమ్మాయి మళ్ళీ ఏడ్చింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఎదురింటి పిసినారి కూడా ఏడ్చాడా?" అంది అత్తయ్య.

"ఏడ్చాడత్తయ్యా."

"బాగా ఏడ్చాడా?"

"వెక్కి వెక్కి ఏడ్చాడు."

అత్తయ్య తృప్తిగా తలాడించింది. రచయిత్రి కాగితాలు మడిచింది. "నీకు కష్టంగా ఉంటే తీసేస్తాను. తమ్ముడు రాసిందే ఉండనీ. నీకంటే నాకు పుస్తకం ఎక్కువ కాదు."

"నోర్ముయ్యవే. దారంతో జ్వరం తెగిందంటే నవ్వరూ? నేను వీడి మొహం చూసి మురిసిపోయాను గానీ ఆ కథకి కాదు."

తమ్ముడు ఏడుపు మధ్యలో నవ్వేశాడు. రచయిత్రి వాడి చెయ్యి పట్టుకుంది. "పళ్ళతో తెంపిన మాట నాకిచ్చెయ్‌రా, అది నిజం. ముందు అధ్యాయాల్లో పెట్టుకుంటాను. జ్వరం మాత్రం నువ్వే ఉంచుకో. ఇంకెప్పుడూ నాకు చెప్పకుండా నా కాగితాలు ముట్టుకోకు."

"ఒట్టక్కా" అన్నాడు వాడు.

అత్తయ్య ప్రచురణకర్త కూర్చున్న వైపు తల తిప్పింది. "అది రాసినట్టే అచ్చు వెయ్యాలి బాబూ. ఒక్క అక్షరం కదిపారో, ఊరుకోను."

"మన అత్తయ్య గారు చెప్పాక ఇంకేముందండీ!" అన్నాడాయన. గదంతా గొల్లుమంది.

నవ్వులు సద్దుమణిగాక అత్తయ్య మేనకోడలి తల మీద చెయ్యి వేసింది. "అసలుది జరిగిన రోజున ఎవరొచ్చారో, ఎవరేమన్నారో నేను వినలేను కదే. ఇప్పుడే విననీ. మళ్ళీ చదువు, నేను పోయిన దగ్గర్నుంచి."

రచయిత్రి కళ్ళు తుడుచుకుని, పేజీ వెనక్కి తిప్పి చదవసాగింది.