చక్కెర లేని రొట్టె

శనివారం వచ్చిందంటే ఆర్థీలియాకు టోపీ గుర్తొస్తుంది. ఆ ఉదయం కూడా చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని వరండా కుర్చీలో కూర్చుంది. టోపీ ఎప్పటిదే. దాని కింద మొహమే పిడికెడంత అయిపోయింది.

వంటింట్లో కూతురు లవోన్ తల్లి వదిలేసిన జావ గిన్నె చూసి నిట్టూర్చింది. చెంచా ముంచిన గుర్తు తప్ప జావ తగ్గింది లేదు.

"ఇవాళ ఎక్కడికే?" అంది తల్లి బయటినుంచి.

"రైలు పట్టాల అవతల, పాత టైర్ల షాపు ఉండేదే, అక్కడ కొత్తగా హోటలు పెట్టారట. రిబ్స్ అద్భుతంగా ఉన్నాయంటున్నారు."

"అనేవాళ్లకు నాలుక ఉండాలిగా."

లవోన్ నవ్వింది. తల్లి ఇలా మాట్లాడిందంటే ఆమెకు కొండంత ధైర్యం.

ఒకప్పుడు చర్చి భోజనాల్లో ఆర్థీలియా రుచి చూసి తలాడిస్తే గానీ ఏ వంటకమూ బల్ల మీదికి వచ్చేది కాదు. మెంఫిస్‌లో ఎవరి పొయ్యిలో ఏ కట్టె కాలుతోందో కళ్లు మూసుకుని చెప్పేది. గొంతులో గడ్డకు రేడియేషన్ ఇచ్చాక ఆ నాలుక మొద్దుబారిపోయింది. కొందరికి మెల్లగా తిరిగొస్తుందని డాక్టరు అన్నాడు. చలి తగ్గిన రోజుల్లో ఓ హోటల్లో ఆమె రిబ్, అంటే పొగలో కాల్చిన పక్కటెముక, కొరికి, "ఉప్పు కాస్త తగ్గింది" అంది. ఆ ఒక్క మాటకి లవోన్ కారులోకి వెళ్లి వెక్కివెక్కి ఏడ్చింది. అప్పటినుంచి ప్రతి శనివారం ఊరంతా గాలింపే. తల్లి ప్రతిచోటా తీర్పు చెప్పేది, కాస్త కొరికి పక్కన పెట్టేది. సరైన చేతివంట దొరికితే అమ్మ కడుపునిండా తింటుంది, దొరకడమే ఆలస్యం అని లవోన్ నమ్మకం.

వెనక తలుపు తోసుకుని అన్న రూఫస్ వచ్చాడు. వస్తూనే గొంతు తగ్గించి అన్నాడు. "మనిషే ఎముకలగూడైంది. ఇంకా ఎముకలు కొరికించడానికి తీసుకెళ్తున్నావా?"

"పొద్దున్నే మొదలుపెట్టకు, అన్నయ్యా."

"సోమవారం డాక్టరుకు జవాబు చెప్పాలి. తిండి ఎక్కించడానికి పొట్టకు గొట్టం పెట్టించకపోతే ఆకులు రాలే కాలం దాకా కూడా నిలవదన్నాడు. నువ్వూ విన్నావు."

"గొట్టంతో బతకడం అమ్మకు ఇష్టం లేదు. రుచి తిరిగొస్తున్న మనిషికి గొట్టమా?"

"వస్తోందని ఎవరన్నారు?"

"అమ్మే చెబుతోంది, వారం వారం! నువ్వెప్పుడైనా ఎదురుగా కూర్చుని తిన్నావా, తెలియడానికి? పండక్కొచ్చి కేకు పొట్లం కట్టుకుపోవడం తప్ప!"

రూఫస్ మొహం మాడింది. "సరే. ఇవాళ కూర్చుంటా. పద."

కొత్త హోటలు బయటే హికరీ కట్టెల పొగ కమ్మగా కమ్ముకుంది. యజమాని టర్నెల్ ఒకప్పుడు చర్చి ఆదివారం బడిలో ఆర్థీలియా దగ్గర చదివినవాడు. చర్చిలో అందరిలాగే ఆమెను మదర్ అనే పిలుస్తాడు. ఆమెను చూడగానే చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో మదర్! మీరొచ్చారంటే నాకు పరీక్షే."

"పరీక్షల్లో నువ్వు ఎప్పుడు నెగ్గావురా?"

చుట్టుపక్కల బల్లల వాళ్లు పకపకా నవ్వారు. టర్నెల్ సంబరంగా తనే వడ్డించాడు. తెల్ల బ్రెడ్డు మీద రిబ్స్, పక్కన ఉడికిన ఆకుకూర, మొక్కజొన్న రొట్టె.

ఆర్థీలియా ఓ రిబ్ తీసి వంచి చూసింది. "మాంసం ఎముకను వదిలి రాలిపోవట్లేదు. పంటితో లాగితే వచ్చేలా ఉంది, అలాగే ఉండాలి. పొగ పట్టి లోపల గులాబీ రంగు దిగింది, తొందరపడి కాల్చలేదు." చిన్నగా కొరికింది. "వెనిగర్ ఓ చుక్క ఎక్కువైంది."

విన్నావా అన్నట్టు లవోన్ అన్నవంక చూసింది. రూఫస్ తల దించుకున్నాడు.

అప్పుడు ఆర్థీలియా రొట్టె విరిచింది. తెల్ల మొక్కజొన్న పిండితో చేసినది. మొహం వెలిగిపోయింది. చివర తుంచి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది.

"అబ్బ! ఇన్నాళ్లకు దొరికింది. ఒక్క పలుకు చక్కెర కూడా లేదు. అచ్చం మా అమ్మ చేసినట్టే."

రొట్టెలో చక్కెర వేసేవాళ్లను ఆర్థీలియా ఇంట్లో మూడు తరాలుగా తిట్టుకుంటూనే ఉన్నారు. చక్కెర పడితే అది కేకు, రొట్టె కాదు. పక్కనే నిలబడ్డ టర్నెల్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. లవోన్‌ను ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయాడు.

లవోన్ ఓ ముక్క నోట్లో వేసుకుంది. తియ్యగా, పుట్టినరోజు కేకంత తియ్యగా ఉంది.

రూఫస్ కూడా తిన్నాడు. నోరు తెరవబోతే లవోన్ బల్ల కింద అతని మోకాలు గట్టిగా నొక్కింది. తల్లి ఇంకో ముక్క నమిలి, నీళ్లు తాగి, మాత్ర మింగినట్టు కష్టపడి మింగింది. ఇన్నాళ్లూ లవోన్ తీర్పు కోసం తల్లి పెదాలవంక చూసిందే గానీ గొంతువంక చూడలేదు.

"అమ్మా," అంది చివరికి. "ఇది కేకులా తియ్యగా ఉంది."

ఆర్థీలియా చేతిలోని ముక్కను మెల్లగా ప్లేటులో పెట్టింది. "తెల్ల పిండి చూసి చక్కెర ఉండదనుకున్నా. అందులో చక్కెర వేసేవాడు ఎవడే?" అంది నీరసంగా. "పసుపు పిండి అయితే ఆచితూచి మాట్లాడేదాన్ని."

"రుచి మళ్లీ ఎప్పుడు పోయింది?"

"వస్తేగా పోవడానికి."

"మరి ఉప్పు, వెనిగర్..."

"కళ్లున్నాయి, వేళ్లున్నాయి. తక్కింది ఊహ." ఆమె టోపీ సర్దుకుంది. "ఆరోజు ఉప్పు తగ్గిందని ఊరికే అన్నాను. నీ మొహం చూశాను. ఆస్పత్రి మొదలయ్యాక ఆ మొహం మళ్లీ చూడలేదు. దానికోసం వారం వారం తడిసిన అట్టముక్కలు నమిలాను."

"నేను గొట్టం వద్దన్నది నీ మాట నమ్మే కదమ్మా!" లవోన్ గొంతు పెద్దదైంది. పక్క బల్లల వాళ్లు తలలు తిప్పుకున్నారు. "నువ్వు కరిగిపోతుంటే రుచి వస్తోంది, వస్తోందని ఊరేగించాను. నా చేతులతో నేనే నిన్ను..."

"ఊరుకోవే," అన్నాడు రూఫస్. వాదనలో నెగ్గడానికే వచ్చాడు. ఇప్పుడు చెల్లెలి వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు.

"సోమవారం సరేనని చెప్పండి," అంది ఆర్థీలియా. "ఇష్టమై కాదు. అబద్ధాలు ఇక నమలలేను." తన ప్లేటు కూతురి ముందుకు జరిపింది. "నువ్వు తిను. తిని చెప్పు. వీడి చేతివంట ఎలా ఉందో నాకు నిజంగా తెలియాలి."

లవోన్ రిబ్ తీసి కొరికింది.

"నాలుకకు ముందు ఏం తగిలింది? పొగా, మిరియమా?"

లవోన్ నములుతూనే ఉంది. కన్నీళ్లు గడ్డం మీదికి జారాయి. "తెలియట్లేదమ్మా. ఏమీ తెలియట్లేదు. అట్టముక్కలా ఉంది."

ఆర్థీలియా కాగితపు రుమాలు మడిచి కూతురి చెంప తుడిచింది.

"అదే. నాకూ అంతే," అంది.

తర్వాత వంటింటివైపు తిరిగి నిటారుగా కూర్చుంది.

"టర్నెల్! ఇలా రారా! ఆ రొట్టెలో చక్కెర ఎందుకేశావు?"

ఆ గొంతు పక్క బల్ల దాకా కూడా వినపడలేదు. రూఫస్ లేచి అతన్ని పిలవడానికి వెళ్లాడు.